ఎద్దుల తొట్టిలో చేపలు

నా చిన్నప్పుడు, మా ఎద్దులను అమ్మేసిన ఏడాది, వాటి కుడితి తొట్టిలోకి చేపలు వచ్చాయి.

పెద్ద గుండును తొలిచి చేసిన రాతి తొట్టి అది. ఇంటి వెనక, పశువుల కొట్టం పక్కన, సగం భూమిలోకి దిగి ఉండేది. వరుసగా రెండేళ్ళు చెనిక్కాయ, అంటే వేరుశనగ పంట, చేలోనే మాడిపోయింది. మేత కొనే దారి లేక మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఎద్దులను సంతకు తోలుకుపోయి వట్టి పలుపులతో తిరిగొచ్చాడు. రెండు రోజులు వట్టి కొట్టాన్నే ఊడుస్తూ గడిపాడు. మూడోరోజు చెరువు నుంచి బిందెడు పరికెలు తెచ్చి ఆ తొట్టిలో వదిలాడు. వేలంత పొడవుండే చిన్న చేపలు. తినడానికి కాదు, గాలానికి ఎర.

అంతకుముందు ఏడాది, పంట పోయాక వచ్చిన ఒక్క తుఫానుకు నిండిన మా ఊరి చెరువు, అప్పటికి తూము దగ్గర ఒక మడుగుగా మిగిలింది. ఆ మడుగు అడుగున బురదలో కొర్రమీను ఉండేది. కొర్రమీను చచ్చినదాన్ని ముట్టదు, పిండి ముద్దకు రాదు. కళ్ళముందు ఏదైనా ప్రాణంతో కొట్టుకుంటుంటేనే నోరు తెరుస్తుంది. నీళ్ళు తగ్గేకొద్దీ పరికెలు ఒడ్డున చిక్కి కొంగల పాలవుతాయి. అందుకని వాటిని ముందే పట్టి, ఇంట్లో పెట్టుకుని, కావలసినప్పుడు ఒక్కొక్కటీ తీసుకుపోవాలి. కొర్రమీనును పట్టడం పెద్ద పని కాదనీ, ఎరను ప్రాణంతో నిలుపుకోవడమే పని అనీ జేజినాయన అనేవాడు.

పక్కింటి అక్క మాత్రం గోడ మీద నుంచి తల పెట్టి నవ్వేది. "ఏం తాతా, ఎద్దులు పోయి చేపలొచ్చినాయే తొట్టికి! రేపు మడక గట్టి దున్నుతావా వీటితో?"

"వాన పడితే గదమ్మా దున్నేది," అనేవాడు ఆయన. "అంతవరకూ ఇవే నా ఎద్దులు."

నవ్వులాటగానే అన్నా, ఆ మాట నిజం. ఆ ఏడు శివరాత్రి దాటాక నాకు తమ్ముడు పుట్టాడు. నాయన బెంగుళూరులో ఇళ్ళు కట్టే పనికి పోయి ఉన్నాడు. జేజి, అంటే మా నాయనమ్మ, నేను పుట్టకముందే పోయింది. కాన్పయిన పదిహేను రోజులకు అమ్మకు చలిజ్వరం పట్టుకుని, ఉన్న కాసిన్ని పాలూ ఇంకిపోయాయి. టీ అంగడి పాలలో నీళ్ళు కలిపి పోస్తే తమ్ముడు కక్కుకునేవాడు. కొర్రమీను పులుసు తాగిస్తే బాలింతకు పాలు పడతాయని ఊళ్ళో అందరి నమ్మకం. చదువుకున్నాను కనుక ఇప్పుడు నేను అది నిజమేనా అని అడగగలను. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. పరికె ఉంటే కొర్రమీను, కొర్రమీను ఉంటే పాలు, పాలు ఉంటే తమ్ముడు. తొమ్మిదేళ్ళ దాన్నయినా నాకది బాగానే అర్థమైంది.

పరికెలకు మేత వేసే పని నాది. పొద్దున, సాయంత్రం చిటికెడు రాగిపిండి నీళ్ళ మీద చల్లాలి. నా నీడ పడగానే అన్నీ ఒకేసారి పైకి వచ్చేవి. రెండు రోజులకొకసారి జేజినాయన కూడా పిడికెడు రాగిపిండి తీసుకుని పక్కింటికి పోయేవాడు. అక్కవాళ్ళ కోళ్ళకేమో అనుకునేదాన్ని. అక్క వసారాలో ఒక మూల పెద్ద కుండ ఉండేది, మీద చాట మూత. దగ్గరికి పోతే చాలు, "సున్నం నానేసినా మ్మే! చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాది," అని కసిరేది.

తొట్టిలో ఒకదానికి సగం తోక లేదు. ఏ పెద్ద చేపో కొరికి ఉంటుంది. దానికి మొండితోక అని నేనే పేరు పెట్టాను. జేజినాయన ఎర తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా చేతికి అది దొరికితే, తోక లేనిది నీళ్ళలో సరిగ్గా ఆడదని మళ్ళీ వదిలేసేవాడు. పనికిరాకపోవడమే దాన్ని కాపాడింది. అన్నిటికంటే వెనక, వంకరగా ఈదుకుంటూ వచ్చి, నా వేలి చివర అంటిన పిండిని తినేది. మూతి తగిలితే చక్కిలిగింత పెట్టినట్టుండేది.

తొట్టి నీళ్ళు పచ్చగా ఉండేవి. రాతికి నాలుగు పక్కలా పాచి. నీళ్ళు మార్చొద్దని జేజినాయన మొదటి రోజే చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. ఆయన ఏదీ ఎందుకో చెప్పే మనిషి కాదు. కానీ అమ్మను చూడటానికి వచ్చిన నర్సమ్మ ఇల్లంతా కలియజూసి, ఇంటి దగ్గర నిలవ నీళ్ళుంటే దోమలు పుడతాయనీ, ఈ జ్వరాలన్నీ ఆ దోమల వల్లేననీ చెప్పింది. మా బడిలో గోడ మీద కూడా అదే రాసి ఉండేది. ఆ రోజు తొట్టి వైపు చూస్తే, అమ్మ జ్వరం అందులోనే పుట్టినట్టు నాకు కనిపించింది. పాపం, మొండితోక ఆ మురికిలోనే ఉంటోంది.

జేజినాయన కరువు పనికి పోయిన రోజు చూసుకున్నాను. పరికెలను బకెట్లోకి తోడాను. మొండితోకను మాత్రం అమ్మ నీళ్ళు తాగే ఇత్తడి చెంబులో, ఆ పాత పచ్చనీళ్ళతోనే, వేరుగా పెట్టాను. కొత్త నీళ్ళలోకి దాన్ని చివరగా, వేడుకగా దించాలని నా కోరిక. తొట్టిలోని నీళ్ళన్నీ చెంబులతో తోడిపోసి, కొబ్బరిపీచు, బూడిద పెట్టి రాయి తెల్లబడేదాకా తోమాను. తర్వాత ఊరి చివరి బోరుకు పోయాను. కరెంటు ఉన్నంతసేపే నీళ్ళు. బిందెల బారులో నిలబడి, ఒక్కో బిందె తెచ్చి పోసి, మళ్ళీ వెనక్కి పోయి చివర నిలబడి, ఏడు బిందెలు తెచ్చాను. "మీ ఇంట్లో పెండ్లా ఏమి పాపా?" అని బారులో ఎవరో ఎగతాళి చేశారు. నీళ్ళు గోరువెచ్చగా, ఇనుము వాసనతో ఉన్నాయి. అద్దంలా తొట్టి అడుగు కనిపించింది. బకెట్లోని పరికెలను అందులోకి ఒంపాను.

అన్నీ ఒక్కసారిగా పైకి వచ్చాయి. నోళ్ళు నీటిపైన పెట్టి, గబగబా తెరుస్తూ మూస్తూ, ఒకదాని మీద ఒకటి ఎగబడ్డాయి. సంతోషమనుకున్నాను. చప్పట్లు కొట్టాను. చాలాసేపు అలా కొట్టుకుని, ఒకటి పక్కకు ఒరిగింది. తర్వాత ఇంకొకటి. వేలితో నిలబెట్టబోయాను. నిలబెట్టినది మళ్ళీ ఒరిగింది. పొద్దు వాలేసరికి తొట్టి నిండా తెల్లటి పొట్టలు.

తర్వాత తెలిసింది, అన్నేసి అడుగుల లోతు నుంచి లాగిన బోరు నీళ్ళలో ఊపిరి ఉండదని. ఒక పగలంతా బిందెలో ఆరి, గాలి తగిలి, చల్లారాకే ఆ నీళ్ళు ప్రాణికి పనికొస్తాయి. అది కూడా పాత నీళ్ళకు కొంచెం కొంచెంగా కలపాలి. మా పక్క చేపలు పెంచేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకు చెప్పవలసింది.

జేజినాయన వచ్చి పార దించి, తొట్టి దగ్గర నిలబడ్డాడు. నేను గోడకు ఆనుకుని దెబ్బ కోసం ఎదురు చూశాను. ఆయన కొట్టలేదు. చేపలను ఒక్కొక్కటీ తీసి బండ మీద పరిచాడు. తొట్టి అంచు మీద వేలు రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

"మంచి పని చేసినావమ్మా," అన్నాడు. "శుభ్రంగా చచ్చినాయి."

తర్వాత ఒకటైనా మిగిలిందా అని అడిగాడు. లేదన్నాను. చెంబు అప్పటికే రాగుల మూట వెనక ఉంది. ఆయన కళ్ళు ఒక్కసారి గూటి వైపు, అమ్మ చెంబు ఉండే చోటి వైపు పోయి, మళ్ళీ నా మీదికి వచ్చాయి. నా భుజం పట్టుకుని తీసుకుపోయి అమ్మ మంచం పక్కన కూర్చోబెట్టాడు.

తమ్ముడు ఏడుస్తున్నాడు. అమ్మ వాణ్ణి ఒక పక్క పెట్టుకునేది, వాడు రెండు గుక్కలు లాగి, ఏమీ రాక, మొహం తిప్పి అరిచేవాడు. ఇంకో పక్కకు మార్చేది. మళ్ళీ అంతే. జేజినాయన నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"చెవులు మూసుకోవద్దు. ఎర లేదు, మీను లేదు, పాలు లేవు. యా చేతులతో చేసినావో ఆ చేతులు ఒళ్ళో పెట్టుకోని విను. వానికి ఆకలి నువ్వే పెట్టినావు."

అమ్మకు తొట్టి సంగతి తెలియదు. "పాపను ఎందుకు కూచోబెట్టినావు మామా, ఆడుకోనీ," అంది నీరసంగా.

"తమ్మునికి తోడుంటాదిలేమ్మా," అన్నాడాయన నవ్వుతూ.

తమ్ముడు ఏడ్చి ఏడ్చి, గొంతు బొంగురుపోయి, కునికేవాడు. ఆకలికి లేచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను కదిలితే జేజినాయన చూసేవాడు. దీపాలు పెట్టే వేళకు పక్కింటి అక్క సంగటి తెచ్చింది. బండ మీద చేపలను, గడప లోపల నన్ను చూసి ఆగిపోయింది.

"పోనీ తాతా, బిడ్డ మొగం చూడు, ఎట్ల పీక్కపోయిందో. చెప్పగూడదా..."

"నీ ఇంటి పని నువ్వు చూసుకో పో," అన్నాడు. అక్క నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది.

నేను ఆ సాయంత్రం ఏం ఆలోచించానో చెప్పడం ఇప్పుడు తేలిక కాదు. రాగుల మూట వెనక ఒకటి ఉంది, ఇక్కడ అమ్మ ఒళ్ళో ఒకడు ఉన్నాడు. మొండితోక గురించి ఎవరికీ తెలియదని నమ్మాను. వాడు ఒక్కసారి గట్టిగా నిద్రపోతే చాలు, చెప్పనక్కర్లేదనుకున్నాను. దేవుణ్ణి అదే అడిగాను. వాడు నిద్రపోలేదు. చివరకు లేచి, చెంబు తెచ్చి, జేజినాయన కాళ్ళ దగ్గర పెట్టాను. ఆయన లోపలికి తొంగి చూశాడు. ఆశ్చర్యపోలేదు. వెడల్పు మూకుడులోకి ఒంపి, పైన తడిగుడ్డ కప్పాడు.

"పొద్దున్నే లేయి. నువ్వే గాలానికి గుచ్చల్ల," అన్నాడు.

మడుగు దగ్గరికి పోయేటప్పటికి తూర్పున ఇంకా ఎరుపు రాలేదు. నడిచిన దారంతా పగిలిన చెరువు నేల. మూకుడు నేనే మోశాను. జేజినాయన నన్ను గట్టున కూర్చోబెట్టి, ఎడమ చేతిలో మొండితోకను, కుడి చేతిలో గాలాన్ని పెట్టాడు. అది నా అరచేతిలో కొట్టుకోలేదు. మేత కోసం అనుకుందేమో, మూతితో నా వేలిని తడిమింది.

"వెన్నుకు తగలనీయొద్దు. తగిలితే చస్తాది, చచ్చినదానికి మీను రాదు," అని నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టాడు. "రెక్క కింద, ఇట్ల, మాంసంలోంచి పోనీ. నొప్పి ఉండల్ల, సావు ఉండగూడదు. బాగా ఆడతాది."

ముల్లు చర్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, తర్వాత సులువుగా దిగింది. అంత సులువుగా దిగుతుందని నేననుకోలేదు. దారం విసిరాడు. మొండితోక నీళ్ళ మీద గుండ్రంగా, వంకరగా తిరగసాగింది. తోక లేక సరిగ్గా ఆడదని ఇన్నాళ్ళూ వదిలేసిన చేప, ఆ రోజు అన్నిటికంటే బాగా ఆడింది. ఎంతసేపు చూశానో తెలియదు. నీళ్ళు ఒక్కసారి పైకి లేచి విరిగాయి. దారం బిగిసింది.

నా మూరెడు పొడవు కొర్రమీను. గట్టున పడి ఎగురుతుంటే జేజినాయన మోకాలితో అదిమి, నోట్లోంచి గాలం తీశాడు. గాలానికి మొండితోక ఇంకా ఉంది. సగం పొట్ట లేదు. నోరు తెరుస్తూ మూస్తూ ఉంది, నిన్న తొట్టిలో మిగతావి తెరిచినట్టే. ఆయన దాన్ని విదిలించి కాకుల వైపు పారేశాడు.

ఊళ్ళోకి వచ్చేదాకా ఎదురైన ప్రతివాళ్ళకూ చేపను ఎత్తి చూపించాడు. "మా పాప పట్టింది! ఎర కూడా దానిదే, గుచ్చింది కూడా అదే. చెయ్యి వణకలేదు చూడప్పా!" అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆయన దెబ్బ కొట్టి ఉంటే నేను మరిచిపోయేదాన్ని. ఆ మెచ్చుకోలు మరిచిపోలేకపోయాను.

పక్కింటి అక్క మిరియాలు, వెల్లుల్లి వేసి పులుసు కాచింది. అమ్మ తాగింది. రెండు రోజులకు కొంచెం కొంచెంగా పాలు పడ్డాయి. చేప వల్లో, జ్వరం జారినందువల్లో, ఎవరికి తెలుసు. తమ్ముడు ఇప్పుడు ఆరడుగుల మనిషి. నేను కొర్రమీను తినను. ఎందుకని ఎవరైనా అడిగితే వాసన పడదంటాను.

జేజినాయన పోయినప్పుడు నేను గుత్తిలో చిన్నమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. దినాల రోజు అందరూ ఆయన గురించి తలా ఒకటి చెప్పుకుంటుంటే, పక్కింటి అక్క నవ్వుతూ నా తొడ మీద చరిచింది.

"నీ పరికెల కత గుర్తుండాదా మ్మే? ఆయప్ప ఎంత గట్టివాడంటే, సగం పరికెలు నా కాడనే కుండలో పెట్టిండె. అన్నీ ఒకే తొట్లో పెట్టేవాడు మూర్ఖుడనేవాడు. నువ్వు ఆడ కూచోని ఏడుస్తాంటే, ఈడ నా కుండలో పది పన్నెండు ఈదుతాండె!"

సున్నం నానేసిన కుండ. చాట మూత. ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

"చెప్పనిస్తేగా! ఏడుపులోనే బుద్ధి కుదురుతాది, నువ్వు అడ్డం రావద్దనె. ఆ సాయంత్రం ఎర ఉన్నా మడుగు కాడికి ఎవరు పోతారే? పోయేది ఎట్లా తెల్లారినాకే కదా. మీ తమ్ముడు ఎట్లాగూ ఏడ్చేవాడే."

ఆ మాట నేను చాలా ఏళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నాను. తమ్ముడు ఎట్లాగూ ఏడ్చేవాడే. వాడి ఆకలి నా చేతుల్లోంచి రాలేదు. మొండితోకను గుచ్చవలసిన అవసరం కూడా లేదు. ఎద్దులు పోయి, కొడుకు దూరమై, తొట్టెడు ఎర మట్టిపాలైన ముసలాయన కోపం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఆయన నా చేత గాలం గుచ్చించిన పద్ధతిలోనే నాకూ గుచ్చాడు, వెన్నుకు తగలకుండా. అందుకే నేను బాగానే ఈదాను. చదువుకున్నాను. ఏ పనైనా ఎందుకని అడక్కుండా మొదలుపెట్టను. ఏ వస్తువైనా రెండోది ఇంట్లో లేకుండా ఉండనివ్వను.

ఇప్పుడు మేము పుట్టపర్తిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నాకు ఆరేళ్ళ కూతురు, ఏడు నెలల కొడుకు. నాకూ పాలు చాలక డబ్బా పాలు కలుపుతున్నాను. ఈ సాయంత్రం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి నా కూతురు పాలపొడి డబ్బా నిండా నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, నురగ చూసి మురిసిపోతోంది. నాకు మాటిమాటికీ కలిపే శ్రమ తప్పుతుందని అంతా ఒకేసారి కలిపేసిందట. లోపల చిన్నవాడు ఆకలికి ఏడుపు అందుకున్నాడు.

"నీ వల్లే తమ్ముడు ఏడుస్తున్నాడు," అన్నాను. "ఇక్కడ కూర్చుని విను."

అది కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకోమని నేను చెప్పలేదు. అదే పెట్టుకుంది. పావుగంట, ఉయ్యాల వైపు చూస్తూ, కదలకుండా. అలమరలో పై అరలో ఇంకో డబ్బా ఉంది. ఆ పావుగంటా అది అక్కడ ఉందని నాకు తెలుసు.

తర్వాత దాన్ని బయటికి పంపి, కొత్త డబ్బా తెరిచి, వాడికి పట్టాను. ఇప్పుడు ఇద్దరూ నిద్రపోతున్నారు. పిల్ల చేతులు ఇంకా దగ్గరగా ముడుచుకునే ఉన్నాయి. గాలం దించడం ఎంత సులువో నా బొటనవేలికి గుర్తుంది. తీయడం నాకెవరూ నేర్పలేదు. రేపు అది లేవగానే ఎత్తుకుని, అలమర తెరిచి, పై అరలో డబ్బా చూపిస్తాను. ఇది నిన్న కూడా ఇక్కడే ఉందని, నేనే తీయలేదని చెప్తాను. జేజినాయన నాకు చెప్పకుండా పోయిన మాట అది.